కొత్త కోచా.. పాత కోచా? కాలేజీ టీమ్‌కు ఎవరు బెస్ట్? సాత్విక్, రహీమ్ సాబ్ కథల్లో ఉన్న అసలు పాయింట్ ఇదే!

రాయవరం: ఒక కాలేజీలో ఫుట్‌బాల్ టీమ్ పెట్టాలనుకున్నారు. కోచ్ కోసం ఇద్దరు వచ్చారనుకుందాం. ఒకాయన పాతికేళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్నారు. సర్టిఫికెట్లున్నాయి, కప్పులున్నాయి, పేరుంది. రెండో అతను నిన్నమొన్నటి దాకా యూనివర్సిటీకి ఆడిన కుర్రాడు. ఇంతవరకు ఎవరికీ నేర్పలేదు. కానీ సగం జీతానికే వస్తానంటున్నాడు, పొద్దున్నే అయిదింటికి గ్రౌండ్‌లో ఉంటానంటున్నాడు. ఎవరిని తీసుకోవాలి?

చాలామంది ఠక్కున చెప్పే జవాబు పెద్దాయన్నే అని. డబ్బులు తక్కువున్న కాలేజీ కుర్రాణ్ణి తీసుకుంటుంది. రెండూ తొందరపాటు జవాబులే. రాయవరం, మండపేట కాలేజీలకే కాదు, ఆట మీద వందల కోట్లు ఖర్చుపెట్టే అమెరికా యూనివర్సిటీలకూ ఈ ప్రశ్న తలనొప్పిగానే ఉంది. దీనికి మంచి ఉదాహరణ కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. అమలాపురం వెళితే చాలు.

ఒకే జోడీ.. రెండు రకాల కోచ్‌లు

బ్యాడ్మింటన్ డబుల్స్ స్టార్ సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురం అని కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇంట్లోనే ఆట మొదలైంది. తర్వాత హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు.

అక్కడ డబుల్స్ చూసే కోచ్ మలేషియాకు చెందిన టాన్ కిమ్ హెర్. పలు దేశాల జట్లతో పనిచేసిన చెయ్యి. ఆయన 2016లో సాత్విక్‌ను ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపారు. ఇద్దరూ పొడుగే, ఇద్దరికీ వెనక నుంచి స్మాష్ కొట్టడమే ఇష్టం. నెట్ దగ్గర నిలబడేది ఎవరు? మొదట్లో ఆ జోడీ కుదురుతుందని వాళ్లిద్దరికే నమ్మకం లేదు. ఇలాంటి చోటే అనుభవం పనికొస్తుంది. ఈ రోజు ఓడిపోతున్న ఇద్దరు పిల్లలు నాలుగేళ్ల తర్వాత ఎలా ఉంటారో ఊహించాలంటే అంతకుముందు అలాంటి పిల్లల్ని చూసి ఉండాలి. 2018 కామన్వెల్త్ గేమ్స్‌లో ఈ జోడీ రజతం తెచ్చింది. ఆ తర్వాత టాన్ భారత్ వదిలి వెళ్లారు. ఇండోనేషియా కోచ్ ఫ్లాండీ లింపెలె వచ్చారు. ఆయన కూడా ఎక్కువ కాలం ఉండలేదు.

టోక్యో ఒలింపిక్స్‌కు కొద్ది నెలల ముందు, 2021లో, వచ్చిన మనిషి పేరు మథియాస్ బో. డెన్మార్క్ ఆటగాడు. 2012 లండన్ ఒలింపిక్స్ డబుల్స్‌లో రజతం, రెండు ఆల్ ఇంగ్లండ్ టైటిళ్లు. అయితే రిటైరైంది 2020లోనే. కోచ్‌గా చూపించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాగితం మీద చూస్తే ఫ్రెషర్ కిందే లెక్క.

టోక్యోలో సాత్విక్-చిరాగ్ మూడింట్లో రెండు మ్యాచ్‌లు గెలిచారు. చివరికి స్వర్ణం గెలిచిన తైవాన్ జోడీని కూడా ఓడించారు. అయినా గ్రూప్ దాటలేకపోయారు. తర్వాత జరిగింది మాత్రం మామూలుగా లేదు. 2022లో థామస్ కప్, కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్ టైటిల్, ఇండోనేషియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంక్. ఒక భారత డబుల్స్ జోడీ అక్కడికి చేరడం అదే మొదటిసారి.

అంటే కొత్త కోచే మేలా? ఆగండి. బో చేతికి వచ్చింది అప్పటికే తయారైన జోడీ. వాళ్లకు కావాల్సింది రాకెట్ పట్టుకోవడం నేర్పే మాస్టారు కాదు. 19-19 దగ్గర సర్వీస్ ఎలా వెయ్యాలి, పెద్ద ఫైనల్‌కు ముందు రోజు ఏం చెయ్యాలి అన్నది సొంతంగా అనుభవించిన మనిషి. బో ఆ పని చేశారు. అదే బోను 2016లో పెట్టి పదహారేళ్ల పిల్లల్ని అప్పజెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు.

పారిస్ ఒలింపిక్స్‌లో ఈ జోడీ క్వార్టర్ ఫైనల్లో మలేషియా జంట ఆరోన్ చియా, సో వూయి యిక్ చేతిలో ఓడింది. బో కోచింగ్‌కే గుడ్‌బై చెప్పేశారు. 2025లో మళ్లీ ఎవరొచ్చారో తెలుసా? టాన్ కిమ్ హెర్! అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో, అదే పారిస్‌లో, అదే మలేషియా జోడీని ఓడించి సాత్విక్-చిరాగ్ మరో కాంస్యం పట్టారు.

ఒక స్కూల్ టీచర్‌ను నమ్మితే..

ఇక ఫుట్‌బాల్. ఈ విషయంలో తెలుగు నేల చూసిన అతి పెద్ద కథ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చాక ఈ పేరు కొత్త తరానికి తెలిసింది కానీ, హైదరాబాద్ పాతబస్తీ వాళ్లు రహీమ్ సాబ్ అని ఎప్పటినుంచో చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆయన ఉద్యోగం స్కూల్ టీచర్. ఉస్మానియాలో చదువుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు చెబితే చాలు, మిగతా ఊళ్ల జట్లు వణికేవి. ఆ రోజుల్లో సిటీ పోలీస్ అదే ఏడాది డ్యురాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఎత్తుకొచ్చింది.

భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం. ఇంతవరకు అంతా బాగుంది. ఇక్కడే కథ మలుపు తిరిగింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్. ప్రత్యర్థి యుగోస్లావియా. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. స్కోరు 10-1. అవును, పది గోల్స్ ఇచ్చుకున్నాం! ఇవాళ్టి రోజుల్లో అయితే సోషల్ మీడియా ఆ రాత్రే కోచ్‌ను ఇంటికి పంపేది. యూరప్ నుంచి పేరున్న వాణ్ణి తెమ్మని డిబేట్లు నడిచేవి.

కానీ రహీమ్ మళ్లీ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకెళ్లారు. ఆ ఓటమి నుంచి ఆయన నేర్చుకున్నది చాలా ఉంది. బూట్లు తప్పనిసరి అయ్యాయి. పాత పద్ధతి పక్కనపెట్టి, ప్రపంచం అప్పుడప్పుడే చూస్తున్న 4-2-4 ఆట వైపు జట్టును నడిపించారు. కుర్రాళ్లు బంతిని కాలి దగ్గరే పెట్టుకుని పరుగెత్తకుండా డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టేవారని చెబుతారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కు ప్రాక్టీస్‌కు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవారట. ఆ బలరామ్ తర్వాత దేశంలోనే గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి భారత్ సెమీస్‌కు చేరింది. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇప్పటికీ అదే అత్యుత్తమం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే జట్టును 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఆడించడం రహీమ్ వేసిన ఎత్తు. ఒక గోల్ అతనిదే. అప్పటికే రహీమ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

మరి రహీమ్‌ను అనుభవం ఉన్న కోచ్ అనాలా, లేని కోచ్ అనాలా? 1950లో అడిగితే టీచర్ అంటారు. 1962లో అడిగితే దేశంలోనే నంబర్ వన్ అంటారు. మధ్యలో 10-1 ఉంది. ఆ ఒక్క స్కోరు చూసి తీసేసి ఉంటే మెల్‌బోర్న్ లేదు, జకార్తా లేదు.

అమెరికాలో 600 కోట్ల దెబ్బ!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, హెల్మెట్లు.. అది వేరే ఆట. కానీ కోచ్‌ల మీద వాళ్లు పెట్టే డబ్బు చూస్తే కళ్లు తిరుగుతాయి.

మన తెలుగు పిల్లలు చాలామంది చదివే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీనే తీసుకోండి. 2017లో జింబో ఫిషర్ అనే కోచ్‌ను పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకుంది. ఆయన అంతకుముందు ఫ్లోరిడా స్టేట్‌తో 2013 జాతీయ టైటిల్ గెలిచిన మనిషి. అంతకంటే నమ్మకమైన కోచ్ ఎవరుంటారు? మధ్యలో ఒప్పందాన్ని ఇంకా పొడిగించారు కూడా. టైటిల్ రాలేదు. 2023 నవంబర్‌లో తీసేశారు. ఇంటికి పంపినందుకు ఇవ్వాల్సిన సొమ్ము 7.5 కోట్ల డాలర్లకు పైనే. మన లెక్కలో 600 కోట్ల రూపాయలు దాటింది!

ఇంకోవైపు జార్జియా యూనివర్సిటీ 2015 చివర్లో కిర్బీ స్మార్ట్‌ను తీసుకుంది. ఆయన అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్ కాదు. 2021, 2022 సీజన్లలో వరుసగా జాతీయ టైటిళ్లు తెచ్చాడు. అయితే ఆయన కూడా గాల్లోంచి ఊడిపడలేదు. అలబామాలో నిక్ సేబన్ దగ్గర ఏళ్ల తరబడి డిఫెన్స్ నడిపిన అసిస్టెంట్. హెడ్ కోచ్ కుర్చీ కొత్త, పని పాతదే.

బిల్ బెలిచిక్‌ది మరీ విచిత్రం. ప్రొఫెషనల్ లీగ్‌లో హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన దిగ్గజం. 72 ఏళ్ల వయసులో తొలిసారి కాలేజీ టీమ్‌కు, నార్త్ కరోలినాకు వచ్చారు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే 48-14తో ఓడారు. సీజన్‌లో నాలుగే గెలుపులు. కోట్లు తీసుకునే ప్రొఫెషనల్స్‌ను నడపడం వేరు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని కాలేజీకి రప్పించి తయారు చేయడం వేరు.

మన కాలేజీల్లో ఏం చూస్తున్నారు?

డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టుకు యూజీసీ నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో పీజీ ఉండాలి, అర్హత పరీక్ష పాసవ్వాలి, తను ఆడిన రికార్డు ఉండాలి, ఫిట్‌నెస్ టెస్ట్ నెగ్గాలి. మంచిదే. కానీ ఆ మాస్టారే వాలీబాల్, కబడ్డీ, అథ్లెటిక్స్, అడ్మిషన్ల ర్యాలీ, ఆగస్టు 15 పరేడ్ అన్నీ చూడాలి. పీడీ వేరు, కోచ్ వేరు. ఈ తేడా మేనేజ్‌మెంట్లకే కాదు, తల్లిదండ్రులకూ తెలియాలి.

ఫుట్‌బాల్‌కు విడిగా కోచ్‌ను పెట్టుకుంటే అడగాల్సిన కాగితాలు రెండు. ఒకటి పాటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా. రెండోది ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే కోచింగ్ లైసెన్స్. ఇది డి నుంచి మొదలై సి, బి, ఏ మీదుగా ప్రో దాకా వెళుతుంది. కొత్త కుర్రాడి దగ్గర ఏమీ లేకపోయినా డి లైసెన్స్ కోర్సు చేస్తాడా అని అడగొచ్చు. ఫీజు కాలేజీయే కడితే ఇంకా మంచిది.

కాగితాలకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. పెద్దాయన్ని ‘ఎన్ని కప్పులు గెలిచారు’ అని కాదు, ‘మీ దగ్గరకు వచ్చేటప్పటికి ఆ పిల్లలు ఎలా ఉండేవాళ్లు’ అని అడగాలి. అప్పటికే బాగా ఆడే పిల్లల్ని ఏరుకొచ్చి కప్పు గెలవడం ఒకటి, ఆ ఊళ్లో పిల్లలతోనే గెలవడం ఒకటి. కుర్రాణ్ణి అయితే ఒక గంట గ్రౌండ్‌లో వదిలేసి చూడాలి. బాగా ఆడే ఇద్దరితోనే మాట్లాడుతున్నాడా, చివర్లో నిలబడ్డ పిల్లాడి దగ్గరకు కూడా వెళ్తున్నాడా అన్నది ఆ గంటలోనే తెలిసిపోతుంది.

జీతం లెక్క కుదిరితే ఇద్దర్నీ తీసుకునే దారి కూడా ఉంది. పెద్దాయన వారానికి రెండు రోజులు వచ్చి ప్లాన్ ఇస్తారు, రోజూ గ్రౌండ్‌లో ఉండేది కుర్రాడు. ఇక ఎవరిని పెట్టుకున్నా ఎన్నేళ్లు ఇస్తున్నారో ముందే రాసుకోవాలి. మొదటి ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్ ఓడిన మర్నాడు కరస్పాండెంట్ గారి రూమ్‌లో జరిగే మీటింగ్‌లో ఆ కాగితం ఒక్కటే కోచ్ వైపు నిలబడుతుంది.