మిక్సీ సముద్రం దాటితే తిరుగుతుందా?

ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడిపోయాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం, కద్మా వీధుల్లో వినిపించే తెలుగు ఆ వలసకు గుర్తులు. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు ఉద్యోగాలకూ చదువులకూ అమెరికా, కెనడా, గల్ఫ్, ఆస్ట్రేలియా బాట పడుతున్నారు. పాతకాలపు రుబ్బురోలును ఊరు మార్చడంలో ఇబ్బంది బరువొక్కటే. మిక్సీ, గ్రైండర్, టీవీల సంగతి అలా కాదు. వాటిని పనిచేయించే కరెంటే దేశాన్ని బట్టి మారిపోతుంది. తెలియక తీసుకెళ్తే డబ్బు వృథా కావచ్చు, కొన్నిసార్లు నిప్పే అంటుకోవచ్చు.

గోడలో ఉండే రెండు అంకెలు

జంషెడ్‌పూర్‌లోనైనా, విశాఖపట్నంలోనైనా ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ అంటే కరెంటును తోసే ఒత్తిడి అనుకోవచ్చు. ఆ తోపు దిశ మార్చుకుంటూ సెకనుకు ఎన్నిసార్లు పూర్తి చక్రం తిరుగుతుందో చెప్పేది హెర్ట్జ్, అంటే ఫ్రీక్వెన్సీ. అమెరికా, కెనడాలలో ఈ అంకెలు 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

ఈ తేడా వెనుక చరిత్ర ఉంది. ఎడిసన్ తన బల్బుల కోసం 110 వోల్టుల దగ్గర మొదలుపెట్టాడు. అమెరికా ఆ దరిదాపుల్లోనే ఉండిపోయింది. 1899లో బెర్లిన్ విద్యుత్ సంస్థ 220 వోల్టులకు మారింది. వోల్టేజీ రెట్టింపైతే అంతే శక్తిని సగం కరెంటుతో పంపవచ్చు కనుక రాగి తీగ ఖర్చు తగ్గుతుంది. యూరప్ ఆ దారిలో నడిచింది. ఫ్రీక్వెన్సీ విషయంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 60ని, జర్మనీలో ఏఈజీ 50ని ఎంచుకున్నాయి. జపాన్ రెండు చోట్లా యంత్రాలు కొన్నది. అందుకే ఈనాటికీ టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్.

బ్రిటన్, సింగపూర్, యూఏఈ, ఆస్ట్రేలియాలలో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ దాదాపు మనవే. మారేది ప్లగ్ ఆకారం. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్ పాత బ్రిటిష్ ప్రమాణం నుంచి వచ్చినదే. బ్రిటన్ దాన్ని వదిలేసి చదరపు పిన్నులకు మారింది, మనం పాతదాన్నే ఉంచుకున్నాం. ఈ దేశాలకు వెళ్లేవారికి తగిన ఆంపియర్ల సామర్థ్యం, ఎర్తు పిన్ను ఉన్న మంచి అడాప్టర్ చాలు, లేదా అక్కడి ఎలక్ట్రీషియన్ చేత ప్లగ్ మార్పించుకోవచ్చు. అడాప్టర్ మార్చేది ఆకారాన్ని మాత్రమే. వోల్టేజీని అది ముట్టుకోదు.

ఛార్జర్‌కు దేశంతో పని లేదు

ఫోన్ ఛార్జర్ మీద సన్నని అక్షరాల్లో "ఇన్‌పుట్: 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటుంది. లాప్‌టాప్ అడాప్టర్ మీదా సాధారణంగా ఇదే కనిపిస్తుంది. లోపలి సర్క్యూట్ ముందు ఏసీని డీసీగా మార్చేస్తుంది. దాంతో 50కీ 60కీ తేడా అక్కడే చెరిగిపోతుంది. తర్వాత ఆ డీసీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా కావలసిన వోల్టేజీకి దించుతుంది. వచ్చే వోల్టేజీ తక్కువగా ఉంటే ఎక్కువసేపు ఆన్‌లో ఉంచుతుంది, ఎక్కువగా ఉంటే తక్కువసేపు. కెమెరా ఛార్జర్లు, వైఫై రూటర్ల అడాప్టర్లు, చాలా ఎల్‌ఈడీ టీవీలు ఈ కోవలోవే.

టీవీకి మరో చిక్కు ఉంది. అమెరికాలో యాంటెన్నా ద్వారా వచ్చే ప్రసారాల పద్ధతి వేరు కనుక ఇక్కడి టీవీ ట్యూనర్ వాటిని అందుకోలేదు. హెచ్‌డీఎంఐ ద్వారా బాక్స్ తగిలిస్తే బొమ్మ వస్తుంది. తెర పగలకుండా చేర్చడానికయ్యే ఖర్చు చూసుకుంటే అక్కడే కొనడం మేలనిపించవచ్చు.

వేడి చేసే వస్తువులు: సగం కాదు, పావు

ఇస్త్రీపెట్టె, కెటిల్, సాధారణ రైస్ కుక్కర్ లోపల ఉండేది వేడెక్కే తీగ చుట్ట. దాని నిరోధం దాదాపు స్థిరం. అందుకే వోల్టేజీ సగమైతే కరెంటు కూడా సగమవుతుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేదే పవర్ కనుక అది పావు వంతుకు పడిపోతుంది. ఇక్కడ 1000 వాట్లు ఇచ్చే కెటిల్ అమెరికాలో సుమారు 270 వాట్లే ఇస్తుంది. నీళ్లు గోరువెచ్చనవుతాయి కానీ మరగడానికి చాలాసేపు పడుతుంది.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఇది ప్రమాదం. అమెరికాలో కొన్న 1000 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ను జంషెడ్‌పూర్‌లో ప్లగ్‌లో పెడితే లెక్క ప్రకారం 3600 వాట్లు దాటుతుంది. క్షణాల్లో తీగ తెగవచ్చు, ప్లాస్టిక్ కరగవచ్చు, మంట రావచ్చు.

మిక్సీ ఒక రకం, గ్రైండర్ మరో రకం

తెలుగు ఇంటికి అసలు ప్రశ్న ఇడ్లీ పిండిదే. మిక్సీలో సాధారణంగా ఉండేది బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు. ఏసీతోనూ డీసీతోనూ తిరుగుతుంది కనుక దానికి ఫ్రీక్వెన్సీ పెద్దగా పట్టదు, వోల్టేజీ కావాలి. 230 వోల్టుల మిక్సీని నేరుగా 120కి తగిలిస్తే నీరసంగా తిరుగుతుంది. నానబెట్టిన పప్పు దగ్గర ఆగిపోయి వేడెక్కుతుంది. వోల్టేజీని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మామూలుగా నడుస్తుంది. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇనుప కోర్, రాగి చుట్టలున్న ఆ పెట్టె చాలా బరువు.

చేతిలో ఇమిడిపోయే చవక కన్వర్టర్లతో జాగ్రత్త. వాటిలో కొన్ని కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి ఇస్తాయి. వేడి తీగలకు అది సరిపోతుంది కానీ మోటార్లను, ఎలక్ట్రానిక్ పరికరాలను పాడుచేస్తుంది.

గ్రైండర్‌లో సాధారణంగా ఉండేది కెపాసిటర్‌తో నడిచే ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది ఫ్రీక్వెన్సీ. మోటారులోని అయస్కాంత క్షేత్రం, నాలుగు ధ్రువాలుంటే, 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, 60 దగ్గర 1800. మోటారు కొద్దిగా వెనకబడి దాని వెంటే పరిగెడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదు కానీ ఫ్రీక్వెన్సీని మార్చలేదు. కాబట్టి అది పెట్టినా అమెరికాలో రాళ్లు దాదాపు 20 శాతం వేగంగా తిరుగుతాయి. వేగం పెరిగితే బలం కూడా పెరగాలి. జరిగేది దానికి వ్యతిరేకం. మోటారులోని అయస్కాంత క్షేత్రం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. ఇక్కడ అది 230ని 50తో భాగిస్తే 4.6. అక్కడ 240ని 60తో భాగిస్తే 4. బలహీనపడిన క్షేత్రంతో ఎక్కువ పని చేయాల్సి రావడంతో గట్టి పిండి దగ్గర మోటారు తడబడుతుంది. విదేశాల్లోని భారతీయుల కోసం 110 వోల్టులు, 60 హెర్ట్జ్‌తో తయారయ్యే మిక్సీలు, గ్రైండర్లు దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ను మోసుకెళ్లడం కన్నా అదే మంచి మార్గం.

సౌదీ అరేబియా, దక్షిణ కొరియాలకు వెళ్లేవారు ఈ విషయం గమనించాలి. అక్కడి వోల్టేజీ మనకు దగ్గరగా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం 60. మిక్సీ హాయిగా నడుస్తుంది, గ్రైండర్‌కు పై ఇబ్బంది తప్పదు.

ఫ్రిజ్, మైక్రోవేవ్ అవెన్‌లకూ ఈ చిక్కులున్నాయి. 60 హెర్ట్జ్‌కు తయారైన మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే దాని ఇనుప కోర్ మోయలేనంత క్షేత్రం ఏర్పడి వేడెక్కుతుంది. కరెంటు చక్రాలను లెక్కపెట్టి సమయం చూపే పాత ప్లగ్ గడియారమైతే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

బ్యాటరీలు చేతి సంచిలోనే

పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు విమానంలో చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. లోపల షార్ట్ అయితే పుట్టిన వేడి మరింత వేడిని పుట్టిస్తూ పోతుంది. క్యాబిన్‌లో అయితే సిబ్బంది చూసి అదుపు చేయగలరు, సామాను గదిలో అది కష్టం. సాధారణ పరిమితి 100 వాట్-అవర్లు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సామర్థ్యాన్ని లెక్కించాలంటే 20 ఆంపియర్-అవర్లను 3.7 వోల్టులతో గుణించాలి. జవాబు 74, పరిమితి లోపలే.

వదిలేసి వెళ్లేవాటి మాట

వెంట రాని వస్తువులు పనిచేస్తుంటే బంధువులకో, ఇరుగుపొరుగుకో ఇవ్వడం ఉత్తమం. పాడైనవాటిని చెత్తబుట్టలో వేస్తే సీసం లాంటి హానికర లోహాలు నేలలోకి చేరే ప్రమాదం ఉంది. రాగి, బంగారం, కోబాల్ట్ లాంటి విలువైనవి వృథా అవుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత పరికరాలు నమోదైన రీసైక్లర్లకు చేరేలా చూసే బాధ్యత తయారీదారులది. ఇందుకు కావలసిన విజ్ఞానం జంషెడ్‌పూర్‌లోనే ఉంది. 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు పాత సర్క్యూట్ బోర్డుల నుంచి, లిథియం బ్యాటరీల నుంచి లోహాలను తిరిగి రాబట్టే పద్ధతులు రూపొందించారు.

పెట్టె సర్దే ముందు ప్రతి వస్తువునూ తిప్పి లేబుల్ చదవాలి. 100-240, 50/60 అని ఉంటే ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. 230, 50 అని మాత్రమే ఉంటే ముందు వెళ్లే దేశపు రెండు అంకెలూ తెలుసుకోవాలి. వోల్టేజీ ఒక్కటే మారితే ట్రాన్స్‌ఫార్మర్ దారి ఉంది. ఫ్రీక్వెన్సీ మారి, లోపల ఇండక్షన్ మోటారు ఉంటే ఆ వస్తువును ఇంట్లోవారికి ఇచ్చి వెళ్లడమే మంచిది.