అడ్డం ముందా, నిలువు ముందా?

తెలుగు శాఖ గోడపత్రికలో చైనా లిపి ఎందుకని మీరు అడగవచ్చు. మూడు నెలలుగా నేను ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని ఆ లిపి రాయడం నేర్చుకుంటున్నాను. అక్షరం చేతికి ఎలా పట్టుబడుతుందో అందులో తేటగా కనిపిస్తుంది. అది మనకూ పనికొచ్చే సంగతే.

చైనా లిపిలో మనకున్నట్టు గుణింతాలు లేవు. ఒక్కో అక్షరం కొన్ని గీతల కూర్పు. కలం కాగితం మీద ఆనించి మళ్ళీ ఎత్తేదాకా గీసింది ఒక గీత. ఏ గీత ముందు, ఏది తరువాత అన్నదానికి ఒక వరుస ఉంది. దాన్ని 'బీషున్' అంటారు. బీ అంటే కలం, షున్ అంటే వరుస.

ఇక్కడే నిలబడి, అరచేతిలో వేలితో రాసి చూడండి. తాము చెప్పేది ఏ అక్షరమో తెలియజెయ్యడానికి చైనావాళ్ళు కూడా ఇలాగే అరచేతిలో రాసి చూపిస్తారు.

'పది' మన కూడిక గుర్తులా ఉంటుంది. అడ్డగీత ముందు, నిలువుగీత తరువాత. 'మూడు' అంటే మూడు అడ్డగీతలు. పైనుంచి కిందికి రాయాలి. 'నది' అంటే మూడు నిలువుగీతలు, ఎడమనుంచి కుడికి. 'మనిషి'కి రెండు వాలుగీతలే, రెండు కాళ్ళు చాపి నిలుచున్నట్టు. ఎడమకాలు ముందు. 'పది' రాసి, దాని నడుమనుంచి రెండు పక్కలకూ ఆ వాలుగీతలు దించితే 'చెట్టు'. రెండు చెట్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడు చేరిస్తే అడవి!

'పొలం' నాలుగు గళ్ళ కిటికీలా ఉంటుంది. ముందు ఎడమ నిలువు. తరువాత పైగీత, కుడిగీత కలిపి కలం ఎత్తకుండా ఒకే గీత. ఆపైన లోపలి అడ్డం, లోపలి నిలువు. అడుగుగీత అన్నిటికంటే చివర. 'ముందు మనుషులు లోపలికి రావాలి, తరువాత తలుపు వెయ్యాలి' అని అక్కడి పిల్లలకు చెబుతారు.

ఎలా రాసినా బొమ్మ అదే కదా, ఈ వరుస దేనికి? మొదటి కారణం చెయ్యి. ఒక గీత ముగిసిన చోటికి దగ్గరలోనే తరువాతి గీత మొదలయ్యేలా చాలావరకు ఈ వరుస అమరింది. రెండోది గొలుసురాత. వేగంగా రాసేటప్పుడు గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వరుస మారితే కలిసే చోట్లూ మారిపోతాయి, అవతలివాళ్ళు చదవలేరు. మూడోది నిఘంటువు. గీతలు లెక్కపెట్టి మాట వెతుక్కునే పద్ధతి అక్కడ ఉంది. 'నోరు' చూడ్డానికి నాలుగు పక్కల పెట్టె, లెక్కకు మాత్రం మూడు గీతలే.

అలాగని ఈ వరుస అంతటా ఒక్కటే కాదు. జపానులో 'పొలం' రాసేటప్పుడు లోపలి నిలువు ముందు, అడ్డం తరువాత. చైనా ప్రభుత్వం 1997లో 7,000 అక్షరాలకు గీతల వరుసను ప్రమాణంగా ప్రకటించింది. ఏదో ఒక వరుసను పట్టుకుని చెయ్యి ప్రతిసారీ అదే దారిన నడవాలి. అప్పుడే అక్షరం చేతిలో నిలుస్తుంది.

ఇప్పుడు అక్కడ చాలామంది ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో పలుకు కొట్టి, కింద వచ్చే అక్షరాల్లో కావలసింది ఎంచుకుంటారు. చదవడం బాగా వచ్చినవాళ్ళకే చేత్తో రాయబోతే అక్షరం గుర్తు రావడం లేదు. 'కలం ఎత్తితే అక్షరం మరుపు' అనే అర్థమిచ్చే నాలుగు అక్షరాల మాట కూడా చైనా భాషలో ఉంది.

ఈ మాట మనకు తగలదా? మనలో చాలామందికి తెలుగు ఇంటిమాట, బడిలో చదివింది తమిళమో ఇంగ్లీషో. వాట్సాప్‌లో అమ్మకు పంపే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగు అక్షరాలను మన చెయ్యి వరుసగా దిద్దే చోట్లలో ఈ గోడపత్రిక ఒకటి. వచ్చే సంచికనుంచి టైపు చేయించి అతికిద్దామని కొందరు అంటున్నారు. పని తేలికవుతుంది, నిజమే. నా ఓటు మాత్రం చేతిరాతకే. మొదటి సంవత్సరం చెల్లెళ్ళు తలా ఒక పేరా రాస్తే పత్రికా నిండుతుంది, అక్షరాలూ చేతికి పట్టుబడతాయి.