పరిశోధకుల వ్యాసపట్టికలు - కర్తృనామవిచారము

రసాయనశాస్త్రమునందును మనశ్శాస్త్రమునందును వ్యాసములు గల యొక పరిశోధకుని పట్టిక కంటఁబడినచో, అతని ప్రజ్ఞను మెచ్చుటకు ముందు ఆ పట్టిక యొక్కనిదేనా యని విచారింపవలెను. తెలుఁగువారి విషయమున నీ విచారము మఱింత యావశ్యకము. మన యింటిపేరు ముందు వచ్చును. పాశ్చాత్యుల పట్టికలు చివరి పదమునే వంశనామముగాఁ గొనును. భీమవరమున 1895లో జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అందువలననే 'సుబ్బారావు' అను మాట క్రింద నెక్కిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మనశ్శాస్త్రము బోధించిన కోనేరు రామకృష్ణారావుగారు (1932-2021) 'రావు' క్రిందఁ జేరిరి. ఇంటిపేరు లొక్కొక్క యక్షరముగాఁ గుదిసిపోయినవి. ఇఁక పొడియక్షరములు కలిసిన యిరువురు రావుగార్లలో నొకరు రసాయనజ్ఞులు, ఒకరు మనశ్శాస్త్రజ్ఞులు నైనచో, ఉద్యోగపుటెన్నికలయందు ఒకరి శ్రమ వేఱొకరి లెక్కలోఁ బడును.

గోదావరిఖని వంటి గనుల సీమలో నీ చిక్కు తక్కువ. గనిలోనికి దిగువాని తలదీపమునకు సంఖ్య యుండును. పేరు కలిసినను సంఖ్య కలియదు. (ఖని సంస్కృతము, గని తద్భవము. ఊరి పేరున నొకటియు, కార్మికుల నోట నొకటియు నిలిచినవి.) 2012లో వెలసిన ఆర్కిడ్ అను పదునాఱు స్థానముల సంఖ్యాపద్ధతియు నిట్టిదే. కాని యంతకు ముందే గతించినవారి కది యుపకరింపదు.

పేరులు వేఱుపఱచినను పని తీఱదు. ఒక వ్యాసమునకుఁ బలువురు కర్తలైనచో ఎవరి భాగ మెంతయో పేరుల క్రమమునుబట్టి యూహింపఁజూతుము. ఇది ద్వంద్వసమాసవిచారము వంటిది. తక్కువ యచ్చులు గల పదము ముందుండవలెనని పాణినీయము. పూజ్యమైనది ముందు రావలెననియు, సోదరులలో జ్యేష్ఠుని పేరు ముందుండవలెననియు వార్తికములు. కావుననే నాలుగచ్చుల యుధిష్ఠిరుఁడు మూఁడచ్చుల యర్జునునికి ముందు నిలిచెను. పదములు పెక్కైనచో నియమ మొక్కచోటనే. తక్కినవాని క్రమమునకు నిర్బంధము లేదు.

1925లో హార్వర్డునుండి వెలువడిన భాస్వరపరిమాణనిర్ణయవ్యాసమునకు ఫిస్క్, సుబ్బారావు లనునది కర్తృక్రమము. ఫిస్క్ శబ్దమున కొక్క యచ్చు, సుబ్బారావునకు నాలుగు. ఫిస్క్ గురువు. ఆంగ్లవర్ణక్రమమునను అతనిదే ముందు. మూఁడు హేతువులు నొక్కదారినే చూపుచున్నవి. కావున నధికశ్రమ యెవరిదో క్రమమువలనఁ దేలదు. ఆ పద్ధతిని ఇరువురి పేరులతోనే ప్రయోగశాలలు వ్యవహరించుట న్యాయము. 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని గూర్చిన వ్యాసములందును ఈ జంటయే.

1945నాఁటి ఫోలికామ్లసంశ్లేషణవ్యాసమునకుఁ బదునార్గురు కర్తలు. అందు సుబ్బారావుగారిది యేడవ స్థానము. లెడర్లీ సంస్థలో నా పరిశోధనలకు నాయకత్వము వహించినవా రేడవ వారేల? మొదటి యెనిమిది పేరులును ఆంజియర్ మొదలు వాలర్ వఱకు ఆంగ్లాక్షరక్రమమున నున్నవి. తొమ్మిదవ పేరునుండి యా క్రమము మరల మొదలగుచున్నది. రెండు వర్గములుగాఁ గూర్చిరే కాని తారతమ్యము చెప్పలేదు. స్థానమును జూచి మార్కులు వేయు పరీక్షకుఁ డిచట నన్యాయమే చేయును.

మనశ్శాస్త్రమున ఆచారము వేఱు. శ్రమాధిక్యమునుబట్టి పేరులు కూర్పవలెనని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘ నియమము. రామకృష్ణారావుగారి గ్రంథములు పెక్కు ఏకకర్తృకములే. 2016లో భారతీయసంప్రదాయమందలి మనశ్శాస్త్రమును గూర్చి వెలువడిన గ్రంథమునకు మాత్రము ఆనంద పరాంజపే సహకర్త. ఆంగ్లాక్షరక్రమమైనచో పరాంజపే ముందుండవలెను. రావుగారి పేరు ముందున్నది. కావున నిచటి క్రమ మక్షరములవలన వచ్చినది కాదు.