సాఫ్ట్‌బాల్ మైదానము నుండి కళాశాల వాకిటికి

ఆట చదువునకు శత్రువను భావము మన పల్లెలలో చాలకాలముగా పాతుకొనియున్నది. ఆడపిల్ల ఆడుకొనుట అన్నచో ఈ భావము మరింత బలపడుచుండును. కాని అమెరికాలో బాలికలాడు సాఫ్ట్‌బాల్ అను బంతియాట అనేకులకు కళాశాల ప్రవేశమునకు, వారిలో కొందరికి ఉపకార వేతనమునకు మార్గమగుచున్నది. మన గ్రామముల నుండి వెళ్ళి టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ మున్నగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. అక్కడ మనుమరాలు శని, ఆదివారములలో బ్యాటు సంచి భుజమున వేసికొని ఊరూర తిరుగుచున్నదని విన్న తాతకు ఆ తిరుగుడు ఎందులకో తెలియకపోవుట సహజము. అందులోని మంచి యేదో, చిక్కు యేదో పంచాయతీ సభ్యులకు విశదపరచుట మా ఉద్దేశము. మన పాఠశాలల బాలికల విషయమునను ఇది ఉపకరింపగలదు.

ఆట స్వరూపము

ఈ ఆట 1887లో షికాగో నగరమున జార్జి హాంకాక్ అనునతని చొరవతో, చలికాలమున భవనములలోపల ఆడుటకై పుట్టినది. సాఫ్ట్‌బాల్ అను పేరు 1926లో వచ్చినది. జట్టునకు తొమ్మండుగురు ఆడుదురు. ఆట ఏడు ఇన్నింగ్సులు సాగును. బేసుల నడుమ దూరము 60 అడుగులు. బంతి చుట్టుకొలత 12 అంగుళములు. బంతి విసరు బాలికను పిచ్చర్ అందురు. ఆమె చేతిని గిరగిర త్రిప్పి, భుజమునకు క్రిందినుండి బంతిని విసరును. కళాశాల స్థాయిలో ఆమె 43 అడుగుల దూరమున నిలుచును. క్రికెట్ ఆటలో వికెట్ల నడుమ దూరము 66 అడుగులని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఇది ఎంత దగ్గరయో తెలియును. వేగముగా వచ్చు బంతిని కొట్టుటయో మానుటయో నిర్ణయించుకొనుటకు బ్యాటు పట్టిన బాలికకు అర సెకను వ్యవధియైనను ఉండదు. పేరు మెత్తనిదే గాని బంతి మెత్తనిది కాదు.

చట్టము తెరచిన తలుపు

1972లో అమెరికా ప్రభుత్వము టైటిల్ నైన్ అను చట్టము చేసినది. ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలు స్త్రీ పురుష భేదము చూపరాదని దాని సారాంశము. ఈ నియమము క్రీడలకును వర్తించుటచే కళాశాలలు బాలికల జట్లను పెంచవలసి వచ్చినది. కళాశాల క్రీడలను నిర్వహించు ఎన్.సి.ఎ.ఎ. అను జాతీయ సంస్థ 1982లో తన మొదటి మహిళా సాఫ్ట్‌బాల్ పోటీలను జరిపినది. ఒక చట్టము పుట్టిన పదేండ్లలో ఆడపిల్లల ఆటకు జాతీయ వేదిక ఏర్పడుట గమనింపదగిన విషయము.

ఊరూర తిరుగు జట్లు

పాఠశాల జట్లు గాక, ట్రావెల్ జట్లు అను ప్రత్యేక జట్లు అక్కడ కలవు. వీటిని 10, 12, 14, 16, 18 ఏండ్లలోపు తరగతులుగా విభజింతురు. ఇవి వేసవిలోను, శరత్కాలమునను దూర ప్రాంతములకు పోయి పోటీలలో పాల్గొనును. ఇందులకు కారణమొకటి కలదు. చాల రాష్ట్రములలో పాఠశాల పోటీలు, కళాశాల పోటీలు రెండును వసంతకాలమునందే జరుగును. కళాశాల శిక్షకులకు అప్పుడు తీరిక యుండదు. వేసవి పోటీలలో వందలాది బాలికలు ఒకేచోట ఆడుచుందురు గనుక వారిని చూచుటకు శిక్షకులు అచ్చటికే వత్తురు.

శిక్షకుని విధులు

ఇట్టి జట్టును నడుపు శిక్షకుడు ఆటను నేర్పినంత మాత్రమున చాలదు. బాలికను కళాశాలకు సిద్ధము చేయుటలో అతనికి నాలుగు విధులు కలవు. వాటి వరుస ముఖ్యము.

మొదటిది చదువు. ఎన్.సి.ఎ.ఎ. మొదటి శ్రేణిలో ఆడగోరు బాలిక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు, గణితము, విజ్ఞానశాస్త్రము మున్నగు 16 మూల పాఠ్యాంశములు పూర్తిచేయవలెను. అందు పదింటిని చివరి సంవత్సరము మొదలగులోపల ముగింపవలెను. మార్కుల సగటు 4కు 2.3కు తగ్గరాదు. ఇది కనీస నియమము మాత్రమే. మంచి కళాశాలలు ఇంతకంటె ఎక్కువ కోరును. బంతిని ఎంత నేర్పుగా విసరినను ఈ లెక్క తప్పినచో మొదటి సంవత్సరము ఆడుటకు అర్హత దొరకదు. కావున మంచి శిక్షకుడు ప్రతి సంవత్సరము మార్కుల పట్టికను అడిగి చూచును.

రెండవది దేహరక్షణ. చేతిని క్రిందినుండి విసరుట సహజమైనదనియు, దానివలన భుజమునకు హాని లేదనియు పూర్వము నమ్మెడివారు. ఇందును భుజముపై పడు భారము తక్కువది కాదని తరువాతి పరిశోధనలు తెల్పినవి. గెలుపునకై ఒకే బాలికచే రెండు దినములలో నాలుగైదు ఆటలు వేయించుట ఆమె భవిష్యత్తును పందెము పెట్టుటయే. ఇద్దరు ముగ్గురు పిచ్చర్లను తయారుచేయుట, సంవత్సరమున కొంతకాలము విశ్రాంతి నిచ్చుట, నొప్పి యన్న మాటను నమ్ముట శిక్షకుని ధర్మము.

మూడవది ఆట. పట్టుట, విసరుట, బేసుల నడుమ పరుగెత్తుట అను మూలములను ప్రతి దినము సాధన చేయింపవలెను. ఒకే స్థానమునకు పరిమితము గాక రెండు మూడు స్థానములలో ఆడ నేర్పవలెను. కళాశాల శిక్షకులు కొట్టిన బంతులను మాత్రమే లెక్కింపరు. తప్పు చేసిన తరువాత బాలిక ముఖము ఎట్లున్నది, ఆడక కూర్చున్నప్పుడు తోటివారిని ప్రోత్సహించుచున్నదా, తలిదండ్రులతో ఎట్లు మాటలాడుచున్నది అనునవియు చూతురు.

నాలుగవది పరిచయము. బాలిక తన ఆటను రెండు మూడు నిమిషముల వీడియోగా తీయించి, తానే స్వయముగా ఉత్తరము వ్రాసి కళాశాల శిక్షకులకు పంపవలెను. తండ్రి వ్రాసిన ఉత్తరమునకు అంత విలువ ఉండదు. పూర్వము ఏడవ, ఎనిమిదవ తరగతి పిల్లలే కళాశాలలకు మాట ఇచ్చెడివారు. ఈ తొందరను అరికట్టుటకై 2018లో నియమము చేసిరి. దాని ప్రకారము మొదటి శ్రేణి శిక్షకులు, బాలిక పదునొకండవ తరగతిలో ప్రవేశించిన సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీకి ముందు, ఆమెతో గాని తలిదండ్రులతో గాని జట్టులో చేర్చుకొనుటను గూర్చి మాటలాడరాదు.

ఉపకార వేతనము గూర్చిన నిజము

అమెరికా ఉన్నత పాఠశాలలలో మూడు లక్షలకు పైగా బాలికలు సాఫ్ట్‌బాల్ ఆడుచున్నారు. మొదటి శ్రేణిలోని కళాశాల జట్లు సుమారు 300. పూర్వము అట్టి జట్టు మొత్తమునకు 12 పూర్తి వేతనములకు మించి ఇచ్చుటకు వీలులేకుండెను. వాటిని ఇరువదిమందికి పైగా పంచుటచే చాలమందికి లభించినది కొంత భాగమే. 2025-26 నుండి నూతన ఒప్పందమున చేరిన విశ్వవిద్యాలయములలో వేతనముల పరిమితి తొలగినది. కాని జట్టులో 25 మందికి మించి ఉండరాదు. మూడవ శ్రేణి కళాశాలలు ఆటకై వేతనమే ఇయ్యవు. అట్లయ్యును చదువు మంచిదైనచో అదియు మంచి గమ్యమే.

ట్రావెల్ జట్టుకై కుటుంబములు ఏటేట వేల డాలర్లు వ్యయము చేయుచుండును. వేతనము తిరిగి వచ్చునని లెక్కవేసి అప్పు చేయుట తగదు. బిడ్డకు ఆటయందు ప్రీతి, దేహదార్ఢ్యము, స్నేహము, క్రమశిక్షణ లభించినవా యని చూచుకొనవలెను. అవి లభించినచో వ్యయము వ్యర్థము కాదు. వేతనము తప్పక ఇప్పింతునని ఎవరైన హామీ ఇచ్చినచో ఆ మాటను నమ్మరాదు. కళాశాలలో చేర్పించినందుకు ఇంత సొమ్మని తీసికొను మధ్యవర్తిని ఆశ్రయించుట బాలిక అర్హతకే భంగము తేగలదు.

మన గ్రామములకు వర్తించునది

సాఫ్ట్‌బాల్ మనకు క్రొత్తది కాదు. భారత సాఫ్ట్‌బాల్ సంఘము 1961లోనే ఏర్పడినది. జాతీయ పాఠశాల క్రీడలలోను ఈ ఆటకు స్థానము కలదు. అనంతపురమున ఆర్.డి.టి. స్వచ్ఛంద సంస్థ క్రీడాకేంద్రమున పల్లె పిల్లలకు ఇతర క్రీడలతోపాటు దీనిని నేర్పిరి. చదునైన ఎకరమున్నర స్థలమున్న మైదానము ఏర్పడును. కాని స్థలము కన్న ముఖ్యమైనవి మూడు కలవు.

ఒకటి, ఆట వేళలు బడి వేళలకు అడ్డురాకుండ నిర్ణయించుట. రెండు, పోటీలకు పోవు బాలికల వెంట నమ్మకమైన స్త్రీని పంపుట. శిక్షకుడు బాలికను ఒంటరిగా మూసిన గదిలో ఉంచరాదను నియమమును అమెరికాలోను గట్టిగా పాటించుచున్నారు. అచ్చట పిల్లల రక్షణకు 2018 నుండి ప్రత్యేక చట్టమే అమలులో నున్నది. మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము కలదు. ఆపదలోనున్న బిడ్డకై 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. మూడు, శిక్షకుడు ఎన్ని కప్పులు గెలిచినాడని గాక, అతనివద్ద ఆడిన బాలికలెందరు చదువు కొనసాగించిరని అడుగుట.

ఈ మూడవ ప్రశ్న అన్నిటికంటె మేలైనదని మా విశ్వాసము. పదవ తరగతితో చదువు మానివేయవలసిన బాలిక ఆటయందలి మక్కువచే మరి రెండేండ్లు బడికి వచ్చినచో, ఆమెకు ఏ వేతనమును రాకున్నను ఆ మైదానము తన పని చేసినట్లే. పంచాయతీ సభ్యులు తమ గ్రామమున సాయంకాలము ఆటస్థలమున ఆడపిల్లలు ఎందరున్నారో ఒకమారు పోయి చూతురుగాక. ఒక్కరును లేకున్నచో, పని అచ్చటినుండియే ఆరంభము కావలెను.