యంత్రానికి తగిన స్నేహం

సంస్కృతంలో ‘స్నేహం’ అనే పదానికి మైత్రి అనే అర్థంతోపాటు నూనె అనే అర్థం కూడా ఉంది. రెండు వస్తువుల నడుమ నిలిచి, అవి ఒకదానినొకటి ఒరుసుకొని అరిగిపోకుండా కాపాడడం నూనె స్వభావం. తెలుగులో దీనికి ‘కందెన’ అనే చక్కని మాట ఉంది. పల్లెల్లో గడ్డిని కాల్చిన మసిని ఆముదంతో కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసేవారు. మెల్లగా తిరిగే బండిచక్రానికి అది సరిపోయింది. నిమిషానికి కొన్ని వేలసార్లు తిరిగే మోటారుసైకిలు ఇంజనుకు ఎటువంటి కందెన కావాలనేది సూక్ష్మమైన ప్రశ్న. ఆ వాహనం పాతకాలపుదైతే ప్రశ్న మరింత జటిలమవుతుంది.

తండ్రి నడిపిన మోటారుసైకిలును కుమారుడు ప్రేమతో భద్రపరచుకొనే ఇళ్లు నేటికీ ఎన్నో ఉన్నాయి. అటువంటి బండికి అంగడిలో దొరికే అన్నిటికన్నా ఖరీదైన, అన్నిటికన్నా కొత్తదైన నూనె పోయడమే దానిపట్ల గౌరవమని చాలామంది భావిస్తారు. సదుద్దేశంతో చేసిన ఆ పనే కొన్నిసార్లు ఇంజనుకు చేటు తెస్తుంది. నూనె ఎంపికలో ధర కన్నా, నవ్యత కన్నా ఔచిత్యం ప్రధానం.

ఇంజనులో నూనె చేసే పనులు అనేకం. అది లోహపు ఉపరితలాల మధ్య పలుచని పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. వేడిని మోసుకుపోతుంది. మసిని, లోహపు రజనును తనలో కలుపుకొంటుంది. తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఇవన్నీ చక్కగా జరగడానికి మూలం దాని చిక్కదనం. శాస్త్ర పరిభాషలో దీనిని స్నిగ్ధత అంటారు. ఈ మాట కూడా ‘స్నేహం’ పుట్టిన ధాతువునుంచే పుట్టింది.

నూనెల స్నిగ్ధతను గుర్తించడానికి అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1911లో ఒక వర్గీకరణను రూపొందించింది. నేడు డబ్బాలపై కనిపించే అంకెలు ఆ పద్ధతినుంచి పరిణమించినవే. ‘20 డబ్ల్యూ 50’ అనే గుర్తులో ‘డబ్ల్యూ’ శీతకాలాన్ని సూచిస్తుంది. ఆ నూనె చలిలో 20 డబ్ల్యూ తరగతి నూనెలా ప్రవహిస్తుంది. 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో 50వ తరగతి చిక్కదనాన్ని నిలుపుకొంటుంది. ఆ వేడిలో 50వ తరగతి నూనె స్నిగ్ధత 16.3 నుంచి 21.9 సెంటీస్టోకుల మధ్య ఉంటే, 30వ తరగతి నూనెకు అది 9.3 నుంచి 12.5 వరకే ఉంటుంది.

ఈ తేడా ప్రాధాన్యం తెలియడానికి పాత బుల్లెట్ మంచి ఉదాహరణ. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఈ బండి, 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ స్థాపనతో మద్రాసుకు వచ్చింది. త్యాగరాజస్వామి కీర్తనల ద్వారా తెలుగువారికి పరిచితమైన తిరువొత్తియూరులో దాని కర్మాగారం వెలసింది. ఆ ఇంజను సిలిండరు పోత ఇనుముతో చేసినది. దానిని చల్లబరచేది గాలి మాత్రమే. నీటితో చల్లబడే ఇంజనులో వలె ఉష్ణోగ్రత ఒక మట్టంలో నిలవదు. ఎండలో రద్దీ వీధిలో ఆగి ఆగి నడిచేటప్పుడు బాగా పెరుగుతుంది. వేడికి వ్యాకోచించే భాగాల కోసం వాటి మధ్య ఎక్కువ ఎడం విడిచిపెట్టారు. ఆ ఎడాన్ని నింపి నిలవడానికి చిక్కని నూనె కావాలి. నేటి కార్లకు తగిన పలుచని నూనె పోస్తే పొర బలహీనపడి భాగాలు త్వరగా అరుగుతాయి. అందువల్లనే మన వాతావరణంలో ఇటువంటి బండ్లకు 20 డబ్ల్యూ 50 తరగతి నూనె అనువైనదిగా పేరు పొందింది.

రెండవ విషయం క్లచ్. పాత బుల్లెట్‌లో ఇంజను, క్లచ్, గేర్ల పెట్టె వేర్వేరు అరలలో ఉంటాయి. దేని కందెన దానిదే. 2008 తరువాత వచ్చిన ఏకనిర్మాణ ఇంజన్లలో ఈ మూడింటికీ ఒకే నూనె. రాపిడిని మరీ తగ్గించే కార్ల నూనె వాటిలో పోస్తే నూనెలో మునిగి ఉండే క్లచ్ పలకలు జారిపోతాయి. ఈ ఇబ్బందిని నివారించడానికే జపాను 1998లో ‘జాసో’ ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. డబ్బాపై ‘జాసో ఎం.ఎ.’ అని ఉంటే అది తడి క్లచ్‌కు తగిన నూనె అని అర్థం.

మూడవది నూనెలో కలిపే జింకు, భాస్వర సమ్మేళనం. పాత ఇంజన్లలో కామ్‌లు, టాపెట్లు ఒకదానిపై మరొకటి ఒత్తిడితో జారుతాయి. ఆ చోట అరుగుదలను ఆపేది ఈ సమ్మేళనమే. అయితే భాస్వరం కొత్త కార్ల పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. అందుచేత 2004లో వచ్చిన ‘ఎ.పి.ఐ. ఎస్.ఎం.’ ప్రమాణం పలుచని తరగతుల నూనెల్లో దానిని 0.08 శాతానికి పరిమితం చేసింది. కారుకు మేలు చేసిన మార్పు పాత బండికి మేలు చేయకపోవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

అలాగని పాతబండికి పాతనూనెయే మంచిదనుకోవడమూ పొరపాటే. ఒకప్పుడు పందేల బండ్లలో ఆముదం వాడేవారు. ‘క్యాస్ట్రాల్’ అనే పేరు ఆముదానికి ఆంగ్లంలో ఉన్న ‘క్యాస్టర్’ అనే పేరునుంచే వచ్చింది. ఆముదం వేడికి గట్టిగా నిలిచినా, కాలం గడిచేకొద్దీ జిగురుగా మారి భాగాలకు అంటుకొంటుంది. నేటి నూనెల్లోని శుభ్రపరచే రసాయనాలు అటువంటి పేరుకుపాటును తగ్గిస్తాయి. కాని ఏళ్ల తరబడి మడ్డి పేరుకొన్న ఇంజనులో వాటిని ఒక్కసారిగా పోస్తే, ఆ మడ్డి కదిలి సన్నని నూనెదారులను మూసివేయవచ్చు. ముందుగా ఇంజనును విప్పి శుభ్రపరచడం వివేకం. ఇక యెజ్డీ వంటి రెండు స్ట్రోకుల బండ్ల పద్ధతే వేరు. వాటికి పెట్రోలులో కలిసి మండిపోయే ప్రత్యేకమైన నూనె అవసరం.

కాబట్టి పాతవాహనం గలవారు ముందుగా తయారీదారు కరదీపికను చదవాలి. అందులోని సూచనను స్థానిక వాతావరణంతో పోల్చిచూడాలి. నూనె మట్టాన్ని తరచుగా పరీక్షించాలి. గడువు ప్రకారం మార్చాలి. తీసివేసిన నూనెను మురుగుకాలువలో పారబోయక, తిరిగి శుద్ధిచేసేవారికి అందజేయాలి. ఎదుటివారి స్వభావం తెలిసి మెలగినప్పుడే మైత్రి నిలుస్తుంది. యంత్రం విషయంలోనూ అంతే. దాని నిర్మాణాన్ని తెలిసి ఎంచుకొన్న నూనెయే దానికి నిజమైన స్నేహం.

ప్రశ్నలు
1. ‘20 డబ్ల్యూ 50’ అనే గుర్తును వివరించండి.
2. పాత బుల్లెట్ ఇంజనుకు చిక్కని నూనె ఎందుకు అవసరం?
3. ‘ధర కన్నా, నవ్యత కన్నా ఔచిత్యం ప్రధానం’ – పాఠం ఆధారంగా సమర్థించండి.