వాచీ నీళ్లు ఎలా కక్కుతుంది?

అమెరికాలో 2015లో వచ్చిన మొదటి ఆపిల్ వాచ్ చిన్నపాటి తడిని తట్టుకునేది, ఈతకు మాత్రం పనికిరాదు. 2016 సెప్టెంబరులో వచ్చిన సిరీస్ 2తో కొలనులోకి దూకేయొచ్చు. మరి మధ్యలో ఏం మారింది?

సందులన్నీ సీళ్లతో బిగించారు. స్పీకరును మాత్రం మూసేయడం కుదరదు. శబ్దం పుట్టాలంటే గాలి కదలాలి కదా! అందుకే ఇంజనీర్లు చక్కటి ఉపాయం పన్నారు: అక్కడికి నీళ్లు రానిచ్చి, ఈత అయ్యాక తరిమేయడం. స్పీకరు లోపలి పొర గబగబా కంపిస్తే, తడిసిన కుక్క ఒళ్లు విదిలించినట్టు నీళ్లు బయటికి చిమ్ముతాయి.

తెరకు ఇంకో చిక్కుంది. నీటి చుక్క తగిలినా వేలు తాకిందనుకుంటుంది. ఈదేటప్పుడు తెర తాకిడిని పట్టించుకోకుండా చేసే ‘వాటర్ లాక్’ పెట్టేది అందుకే.

వాచీకి 50 మీటర్ల రేటింగు ఉందంటే 50 మీటర్ల లోతుకు దిగమని కాదు! ప్రతి 10 మీటర్ల లోతుకూ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ లెక్కన వచ్చే ఒత్తిడిని ప్రయోగశాలలో తట్టుకుందని అర్థం. వాటర్ స్కీయింగ్‌లో నీళ్లు వేగంగా కొడితే ఆ దెబ్బ వేరు. 2022లో వచ్చిన ఆపిల్ వాచ్ అల్ట్రాకు రేటింగు 100 మీటర్లు. డైవింగుకు కంపెనీ పెట్టిన హద్దు 40 మీటర్లే.

సబ్బు, షాంపూ, ఆవిరి సీళ్లను దెబ్బతీస్తాయి. సముద్రంలో ఈదితే వాచీని మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవాలి.