వానకాలమున పాతకారు ఏల తడబడును?

ఏలూరునుండి కొల్లేటిమీదుగా కైకలూరునకు పోవు పాత అంబాసిడరు కారు, ఎండవేళ చక్కగా నడచి, వానకాలపు వేకువను మాత్రము అప్పుడప్పుడు తడబడుట కేమి కారణము?

పెట్రోలు ఇంజనునందలి నాలుగు సిలిండర్లలో ఇంధనము 1, 3, 4, 2 అను వరుసన మండవలయును గనుక, 12 వోల్టుల విద్యుత్తును ఇగ్నిషన్ కాయిలు వేలకొలది వోల్టులకు పెంచగా, డిస్ట్రిబ్యూటరు దానిని, నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గులకు తీగలద్వారా వంతులవారీగా పంచును. డిస్ట్రిబ్యూటరు మూతయందు సన్నని బీటగాని, తీగతొడుగున పగులుగాని యున్నచో, అచట చేరిన తేమవెంట విద్యుత్తు దారి తప్పి లోహములోనికి జారిపోవును. తేమ యారినంతనే దోషము మాయమగును.

కావున మెకానిక్కు ఇంజను ఆపి, మూతను ఆరబెట్టి చూచును; దోషము పోనిచో, అనుమానించిన ప్లగ్గును వేఱొక సిలిండరునకు మార్చును. దోషము ప్లగ్గువెంట తరలినచో తప్పు ప్లగ్గుదే. తరలనిచో తీగను, మూతను పరీక్షింపవలెను. ఒకేసారి అన్నిటిని మార్చినచో, దోషము పోయినను కారణము తెలియదు.